పంచాయతీ లేఔటులోని 200 గజాల స్థలంలో ఇల్లు: జీవీఎంసీ ప్లాను అనుమతికి ముందు ఏమేమి సరిచూసుకోవాలి?

పెందుర్తి వాసి:

అందరికీ నమస్కారం. వేపగుంటకూ పెందుర్తికీ మధ్య మా నాన్నగారు 1998లో కొన్న 200 గజాల ఖాళీ స్థలంలో ఇల్లు కట్టుకోవాలని మా కుటుంబం నిశ్చయించుకుంది. కింది అంతస్తులో మా అమ్మగారితో పాటు మేము ఉండేటట్టు, పై అంతస్తు మా అబ్బాయి చదువు ముగిసి వచ్చేనాటికి అక్కరకు వచ్చేటట్టు రెండంతస్తుల ఇల్లు మాకు చాలు. స్థలానికి తూర్పున రోడ్డు ఉంది. ముఖం 30 అడుగులు, లోతు 60 అడుగులు. దస్తావేజు చెక్కుబందీలో తూర్పు హద్దును 30 అడుగుల రోడ్డుగా రాశారు గాని, నేలమీద టేపు పెట్టి కొలిస్తే మా ప్రహరీకీ ఎదుటివారి ప్రహరీకీ మధ్య 22 అడుగులే తేలుతోంది. లేఔటు నకలు మీద అప్పటి గ్రామ పంచాయతీ ముద్ర, సర్పంచి సంతకం ఉన్నాయి. వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) వారు లేఔటును ఆమోదించినప్పుడు ఇచ్చే ఎల్‌పీ నంబరు మాత్రం ఎక్కడా కనిపించదు.

ప్లాను గీయించి దరఖాస్తు పెట్టడమే మొదటి పని అని మా మేస్త్రి అంటున్నారు. ఒక ఎల్‌టీపీని (ప్లాన్లు గీసి దరఖాస్తు పెట్టే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడిని) కలిస్తే, 14 శాతం కట్టవలసి వస్తుందని, రోడ్డు కోసం కొంత నేల వదలవలసి రావచ్చని చెప్పారు గాని, అది ఎందుకో, ఎంతో వివరించలేదు. మా తోడల్లుడు మాత్రం ముందు శ్లాబు వేసేయమని, తరువాత బీపీఎస్ (అనధికార నిర్మాణాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకం) వచ్చినప్పుడు డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చని గట్టిగా చెబుతున్నారు. బ్యాంకు రుణం తీసుకోక తప్పదు కనుక ఆ సలహా వింటే నాకు భయంగా ఉంది. వయసు మీద పడిన మా అమ్మగారు ఆ ఇంట్లో ఏ నోటీసూ రాకుండా నిశ్చింతగా ఉండాలన్నదే నా కోరిక. ఏ పని తరువాత ఏ పని చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఎల్‌టీపీ, అక్కయ్యపాలెం:

నమస్కారం అండి. ప్లాన్లు గీసి దరఖాస్తులు పెట్టడమే నా వృత్తి. అయినా, ప్లాను గీయించడం మొదటి పని కాదని నేను ఖచ్చితంగా చెబుతాను. నా దగ్గరకు వచ్చే చిక్కుల్లో గీతల్లోని తేడాల వల్ల పుట్టేవి తక్కువ. భూమి కాగితాల వల్లనో, రోడ్డు వల్లనో పుట్టేవే ఎక్కువ. గదుల అమరిక నచ్చకపోతే ఒక్క రోజులో మార్చి గీయవచ్చు. సర్వే నంబరుకు ఉన్న చిక్కును ఏ ఎల్‌టీపీ కూడా మార్చలేడు.

మీరు వేపగుంట పేరు చెప్పారు కనుక, మీ సర్వే నంబరు ఏ రెవెన్యూ గ్రామంలో పడుతుందో అన్నిటికంటే ముందు చూడండి. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం అనే ఐదు గ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూములకు సంబంధించిన వివాదం దశాబ్దాలుగా తెగలేదు. పంచగ్రామాల సమస్యగా విశాఖ వాసులందరూ ఎరిగినదే ఇది. ఎన్నో ఏళ్లుగా అక్కడే కాపురం ఉంటున్న కుటుంబాలు సైతం పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునేందుకు అనుమతి దొరకక అవస్థ పడుతున్నాయి, వారిని చూస్తే బాధ కలుగుతుంది. మీ నంబరు ఆ భూముల్లో లేదని తేలేదాకా ఎవరికీ ఒక్క రూపాయి బయానా ఇవ్వవద్దు. 1998లో రిజిస్ట్రేషన్ జరిగింది కదా అన్న ధైర్యం చాలదు. ఎందుకంటే నిషేధిత భూముల జాబితాకు ఆధారమైన రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షను ఇప్పుడున్న రూపంలో మన రాష్ట్రంలో 2007 సవరణతో వచ్చింది. అంతకు ముందు జరిగిన రిజిస్ట్రేషన్ ఆ పరీక్షను దాటి వచ్చినది కాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల వివరాలు చూడవచ్చు. అది చూశాక కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోండి. దానితో పాటే 1998కి ముందు నుంచి నేటి వరకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), లింకు దస్తావేజులు (అంతకు ముందరి యజమానుల దస్తావేజులు) తీసి పెట్టుకోండి.

ఇక 14 శాతం సంగతి. అనుమతి ఉన్న లేఔటులో పార్కుకు, ఇతర ఉమ్మడి అవసరాలకు కొంత ఖాళీ జాగా ముందే విడిచిపెట్టి ఉంటారు. వుడా పరిధిలోని గ్రామాల్లో సాంకేతిక ఆమోదం వుడా ఇవ్వవలసి ఉండగా, అది లేకుండా పంచాయతీ ముద్ర ఒక్కటే ఉన్న లేఔటును అనధికార లేఔటుగానే లెక్కిస్తారు. అటువంటి లేఔటులో జాగా విడిచిపెట్టలేదు కనుక, దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతాన్ని ఖాళీ స్థల రుసుముగా వసూలు చేస్తారు. మీ 200 గజాల్లో 14 శాతమంటే 28 గజాల విలువ అన్నమాట. ఇక్కడ విలువ అంటే బజారులో పలికే ధర కాదు, రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన విలువ. అందుకే దరఖాస్తుతో పాటు మార్కెట్ విలువ ధ్రువపత్రం అడుగుతారు.

మీ నాన్నగారు గాని మీరు గాని ఎల్ఆర్ఎస్ (అనధికార లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద ఎప్పుడైనా దరఖాస్తు పెట్టి ఉంటే ఆ కాగితాలు వెతకండి. 2020లో వచ్చిన పథకం 2019 ఆగస్టు 31 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు వర్తించింది, 2025లో ప్రభుత్వం మరోసారి అవకాశం ఇచ్చింది. క్రమబద్ధం చేసిన ఉత్తర్వు చేతిలో ఉంటే ఖాళీ స్థల రుసుమును ప్లాను దశలో రెండవసారి అడగరు. ఉత్తర్వు లేకపోతే, ప్లానుతో పాటు కట్టడం మేలా, పథకం తెరిచి ఉంటే అందులో కట్టడం మేలా అన్నది రెండు లెక్కలూ వేయించుకుని నిర్ణయించుకోండి. ఖాళీ స్థలం పన్ను బకాయి కూడా తీర్చి రసీదు దగ్గర పెట్టుకోవాలి. ఇన్నేళ్లుగా అసెస్‌మెంటే లేని స్థలాలు మన శివారు వార్డుల్లో చాలా ఉన్నాయి.

మరొక మాట. మనం గజాల్లో ఆలోచిస్తాము, నిబంధనలు మాత్రం చదరపు మీటర్లలో మాట్లాడతాయి. మీ 200 గజాలు 167 చదరపు మీటర్లు. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల్లోని సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ) పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల వరుస ఒకటి, 200 నుంచి 300 వరకు మరొకటి ఉన్నాయి. మీది మొదటి వరుసలోకి వస్తుంది. ఆ పట్టికలో మూడు కొలతలు కలిసి పనిచేస్తాయి. స్థలం విస్తీర్ణం, భవనం ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు. ఈ మూడింటిలో ఏది మారినా వదలవలసిన ఖాళీ మారవచ్చు. అప్పటి నుంచి ఆ నిబంధనలకు చాలా సవరణలు వచ్చాయి కాబట్టి, పక్కింటివారు ఎంత వదిలారో చూసి గీయించకుండా, మీ ఎల్‌టీపీ చేత దరఖాస్తు నాటికి అమలులో ఉన్న పట్టిక చదివించుకోండి.

దరఖాస్తు మొత్తం ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జరుగుతుంది. ప్లాను ఫైలును ముందు కంప్యూటరే సరిచూస్తుంది. 2025లో వచ్చిన స్వీయ ధ్రువీకరణ విధానంలో, 18 మీటర్లకు మించని నివాస భవనాలకు, నిబంధనల ప్రకారమే ఉందని యజమాని, ఎల్‌టీపీ కలిసి హామీ ఇస్తే అనుమతి త్వరగా చేతికి వస్తుంది. ఇది మంచి మార్పే. కాని తనిఖీ తరువాత జరుగుతుందన్న సంగతి మరువకూడదు. భూమి గురించి రాసిచ్చిన హామీ అబద్ధమని తేలితే వచ్చిన అనుమతి రద్దవుతుంది, అప్పటికి మీ పునాది లేచి ఉంటుంది. అందుకే అనుమతి ఎంత తేలికైతే, భూమిని ముందే సరిచూసుకోవలసిన బరువు యజమాని మీద అంత పెరిగింది.

టౌన్ ప్లానింగ్ విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:

పై మిత్రులు చెప్పినది సరైన క్రమం. రోడ్డు సంగతి నేను వివరిస్తాను, ఎందుకంటే ఎక్కువ మనస్తాపం అక్కడే కలుగుతుంది.

2005లో గాజువాక మునిసిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఏర్పడినప్పుడు, పంచాయతీల కాలంలో పడిన ఇరుకు రోడ్లన్నీ నగరం ఖాతాలోకి వచ్చాయి. కాగితంలో 30 అడుగులు, నేలమీద 22 అడుగులు అన్నది మీ ఒక్కరి కథ కాదు. రోడ్డు ఉండవలసిన వెడల్పు 9 మీటర్లు అయితే, రోడ్డు నడిగీత నుంచి ఇరువైపులా నాలుగున్నర మీటర్లు విడిచి ఉండాలి. 22 అడుగులంటే 6.7 మీటర్లు, అందులో సగం 3.35. అంటే మీ వైపు నుంచి తగ్గేది సుమారు 1.15 మీటర్లు. మీ ముఖం 30 అడుగులు కనుక, వదలవలసినది పదిన్నర చదరపు మీటర్లు, మన లెక్కలో పన్నెండున్నర గజాలు.

అయితే ఈ లెక్క ఎప్పుడు వర్తిస్తుందో గమనించాలి. లేఔటు వేసిన నాడు రోడ్డు నిజంగా 30 అడుగులే విడిచి, తరువాత ఎదుటివారు ముందుకు వచ్చి ఉంటే, నడిగీత మీవైపు జరిగినట్టు కనిపిస్తుంది. ఆ నడిగీతనే ప్రమాణంగా తీసుకుంటే మీకు అన్యాయం జరుగుతుంది. కాబట్టి ప్లాను గీయకముందే లైసెన్సు ఉన్న సర్వేయరును పిలిచి, లేఔటు మూలల్లో మిగిలిన రాళ్ల నుంచి, ఎఫ్ఎంబీ (సర్వే శాఖ వారి క్షేత్ర కొలతల పుస్తకం) కొలతల నుంచి మీ తూర్పు హద్దును తిరిగి నిలబెట్టించండి. మీ ప్రహరీ అసలు హద్దు మీదనే ఉందని తేలితే, ఆ సర్వే పటాన్ని దరఖాస్తుతో జతచేసి, వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి స్థలం మీదనే చూపించండి. మీ ప్రహరీయే ముందుకు వచ్చి ఉంటే వాదన వద్దు, లోపలికి జరగండి. ఒకవేళ లేఔటు నాడే రోడ్డు తక్కువగా వేసి, దస్తావేజులో మాత్రం 30 అని రాసి ఉంటే, పైన చెప్పిన పన్నెండున్నర గజాలూ గిఫ్ట్ డీడు ద్వారా నగరపాలక సంస్థకు ఇవ్వవలసి వస్తుంది. దానికి ప్రతిగా సెట్‌బ్యాకుల్లో సడలింపో, టీడీఆర్ (బదిలీ చేయదగిన నిర్మాణ హక్కు) పత్రమో కోరే హక్కు నిబంధనల్లో ఉంది. చిన్న ప్లాటు యజమానులు ఆ హక్కును అడగకుండానే వదిలేయడం నేను ఎన్నోసార్లు చూశాను. దయచేసి అడగండి.

మాస్టర్ ప్లానులో మీ సర్వే నంబరు మీదుగా కొత్త రోడ్డు ఏదైనా ప్రతిపాదించారా అన్నది కూడా అదే సమయంలో చూసుకోవాలి. వుడా స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏ వారి 2041 మాస్టర్ ప్లాను పటాలు అందుబాటులో ఉన్నాయి. మేఘాద్రి గెడ్డలోకి చేరే చిన్న గెడ్డలు (వాగులు) మీ ప్రాంతంలో అక్కడక్కడా ఉన్నాయి. పక్కనే గెడ్డ గాని వాన నీటి కాలువ గాని ఉంటే, దాని వెడల్పు 10 మీటర్లకు మించితే 9 మీటర్లు, అంతకు లోపు అయితే 2 మీటర్లు విడిచిపెట్టాలి. ఎండాకాలంలో గెడ్డ కనిపించదు, పూడ్చి ప్లాట్లు వేసినవారు దాని పేరు ఎత్తరు. పాత గ్రామ పటంలో మాత్రం అది ఉంటుంది. వానాకాలంలో నీళ్లు ఆ పటం ప్రకారమే వస్తాయి. మన విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగలో భాగం కనుక ఎత్తుకు సంబంధించిన అనుమతులు నౌకాదళం పరిధిలో ఉంటాయి. మీ రెండంతస్తుల ఇంటికి అది సమస్య కాకపోవచ్చు గాని, కొండవాలు మీద కట్టేవారు ఎత్తును సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారని తెలుసుకోవాలి.

మీ తోడల్లుడి గారి సలహా గురించి మాత్రం సూటిగా చెప్పాలి. క్రమబద్ధీకరణ పథకాలు ఇంతకుముందు వచ్చిన మాట నిజం. కాని వచ్చిన ప్రతి పథకమూ గడిచిపోయిన ఒక తేదీకి ముందు కట్టిన భవనాలకే వర్తించింది. 2007 చివరలో వచ్చినది ఆ ఏడాది డిసెంబరు 15 వరకు, 2019లో వచ్చినది 2018 ఆగస్టు 31 వరకు కట్టినవాటికే. రేపు పునాది తవ్వేవారికి హామీ ఇచ్చిన పథకం ఏదీ లేదు, పైగా రోడ్డు మీదకు వచ్చిన భాగాన్ని, ప్రభుత్వ భూమిని, గెడ్డను ఏ పథకమూ క్రమబద్ధం చేయలేదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు అనధికార నిర్మాణాలపై ఇచ్చిన తీర్పులో, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, అంటే ప్లాను ప్రకారం కట్టిన ఇంట్లో నివసించవచ్చన్న ధ్రువపత్రం) చూశాకనే విద్యుత్తు, నీరు, మురుగునీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని సరిచూసుకునే రుణం మంజూరు చేయాలని, మంజూరైన ప్లాను నిర్మాణ స్థలంలో కనబడేటట్టు ఉంచాలని ఆదేశించింది. కట్టిన ఇంటికి నోటీసు అంటించడం ఉద్యోగిగా నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. ఆ ఇంటి గడపలో ముసలివారు నిలబడి చూస్తుంటే మరీ కష్టం. ఆ పరిస్థితి మీ అమ్మగారికి రానివ్వవద్దు.

సాగర్‌నగర్ గృహిణి:

మా ఇల్లు పూర్తయి, ఓసీ కూడా వచ్చింది కనుక ఇంటి యజమాని వైపు నుంచి రెండు మాటలు. మాది సముద్రానికి దగ్గర. తీరం వెంబడి 500 మీటర్ల లోపు ఉన్న స్థలాలకు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి మేము ఆ పరీక్ష కూడా దాటవలసి వచ్చింది. మీకు ఆ బాధ లేదు.

అనుమతి చేతికి వచ్చాక అసలు పరీక్ష మేస్త్రితో మొదలవుతుంది. మంజూరైన ప్లానులో మెట్లు ఇంటి లోపల ఉంటాయి. పని మొదలయ్యాక, హాలు పెద్దదవుతుందని, మెట్లు పక్క ఖాళీలోకి జరుపుదామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ తరువాత ఆ ఖాళీలోనే వాష్ ఏరియా, ఆపైన ఒక రేకుల షెడ్డు వస్తాయి. ఒక్కొక్కటి చూస్తే చిన్న మార్పే, కాని ఓసీ కోసం కొలతలు తీసేనాడు అన్నీ కలిపి ఉల్లంఘన అవుతాయి. మా ఇంటి దగ్గర మంజూరైన ప్లానును పెద్ద కాగితం మీద అచ్చు వేయించి సిమెంటు షెడ్డు గోడకు అంటించాము. మేస్త్రి గాని, బంధువులు గాని, మేము గాని ఏ మార్పు కోరినా ముందు ఆ కాగితం దగ్గరకు వెళ్లి చూడాలని నియమం పెట్టుకున్నాము. ముఖ్యంగా ముగ్గు పోసి పునాది గీతలు గీసేనాడు ఎల్‌టీపీని స్థలానికి రప్పించి, నాలుగు వైపులా ఖాళీలు ఆయన చేత కొలిపించండి. ప్లాస్టరింగు మందం, టైల్సు కలిస్తే గోడ బయటికి జరుగుతుంది కనుక, ముగ్గులోనే కొంచెం ఎక్కువ వదలడం క్షేమం.

వాన నీటి ఇంకుడు గుంత ప్లానులో చూపించి, కట్టేటప్పుడు మానేసేవారు ఉన్నారు. అది ఓసీ కోసమే కాదు, మన నగరంలో వేసవిలో బోర్లు ఎండిపోవడం చూస్తూనే ఉన్నాము కదా, అందుకు కూడా తప్పక కట్టండి. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం కింద వేరే అనుమతి తీసుకోవాలి. రుసుముల్లో కార్మిక సంక్షేమ సెస్సు అని నిర్మాణ వ్యయంలో ఒక శాతం ఉంటుంది. సొంత నివాసానికి 10 లక్షల లోపు ఖర్చయితే పాత చట్టంలో మినహాయింపు ఉండేది, 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ పరిమితి 50 లక్షలు. మీ ఖర్చు అంతకు మించేటట్టుంటే సెస్సును ముందే బడ్జెట్టులో వేసుకోండి. అనుమతి మూడేళ్లు చెల్లుతుంది. డబ్బు సర్దుబాటు చూసుకుని, ఆ గడువులో ముగిసేటట్టు పని మొదలుపెట్టండి.

పెందుర్తి వాసి:

మీ అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. సర్వే నంబరు పంచగ్రామాల పరిధిలో లేదని, 22-ఏ జాబితాలోనూ లేదని తేలింది. గుండెల మీది బరువు దిగింది. సర్వేయరు కూడా వచ్చి చూశారు. లేఔటు నాడే రోడ్డు తక్కువగా వేశారని, మా ప్రహరీ, ఎదుటివారి ప్రహరీ రెండూ రాళ్ల మీదనే ఉన్నాయని చెప్పారు. అంటే పన్నెండున్నర గజాలు ఇవ్వవలసినదే. దానికి మేము సిద్ధంగా ఉన్నాము.

మరి రెండు సందేహాలు. మొదటిది, దస్తావేజు మా నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన కాలం చేశారు, వీలునామా రాయలేదు. అమ్మగారు, నేను, మా చెల్లెలు వారసులం. చెల్లెలు, బావగారు విదేశంలో ఉన్నారు. స్థలం నాకే ఇవ్వడానికి చెల్లెలికి ఏ అభ్యంతరమూ లేదు. అయినా దరఖాస్తు నా ఒక్కడి పేరుతో పెట్టవచ్చునా? రెండవది, గజాలు గిఫ్టుగా ఇచ్చిన తరువాత ముందు సెట్‌బ్యాకును పాత హద్దు నుంచి కొలుస్తారా, కొత్త హద్దు నుంచి కొలుస్తారా?

న్యాయవాది, సీతమ్మధార:

మొదటి సందేహానికి నేను జవాబు చెబుతాను. మీ నాన్నగారి స్వార్జిత ఆస్తి కనుక, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కుమారుడికి, కుమార్తెకు సమానంగా మూడో వంతు చొప్పున హక్కు వస్తుంది. నోటిమాట అంగీకారంతో దరఖాస్తు మీ ఒక్కరి పేరుతో పెట్టడం తగదు. అనుమతి ఎలాగో వచ్చినా, బ్యాంకు న్యాయ సలహాదారు అక్కడే ఆపుతారు. పైగా రోడ్డుకు ఇచ్చే గిఫ్ట్ డీడు మీద హక్కుదారులందరూ సంతకం చేయకపోతే ఆ దస్తావేజు నిలవదు.

మీకు రెండు దారులు ఉన్నాయి. ముగ్గురి పేర్లతోనే దరఖాస్తు పెట్టడం ఒకటి. అమ్మగారు, చెల్లెలు తమ వాటాలను మీకు రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు ద్వారా ఇచ్చాక మీ పేరుతో పెట్టడం రెండవది. చెల్లెలు రాలేకపోతే, తానున్న దేశంలోని భారత రాయబార కార్యాలయంలో గాని కాన్సులేటులో గాని అధికారుల ఎదుట సంతకం చేసిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది భారతదేశంలో అందిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి, ఆ గడువు దాటనీయవద్దు. ఆ పత్రంలో విడుదల దస్తావేజుకే కాక, గిఫ్ట్ డీడుకు, ప్లాను దరఖాస్తుకు, బ్యాంకు పనులకు కూడా అధికారం ఇస్తున్నట్టు విడివిడిగా రాయించండి. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందే తెచ్చుకోండి.

నా సొంత అభిప్రాయం అడిగితే, అమ్మగారి వాటాను ఆమె పేరుతోనే ఉండనివ్వండి. దరఖాస్తులో ఇద్దరి పేర్లు ఉన్నంత మాత్రాన పని ఆలస్యం కాదు. ఆ ఇల్లు ఆమెది కూడా అని కాగితంలో ఉండటం మంచిది.

స్ట్రక్చరల్ ఇంజనీరు, గాజువాక:

ఇంకొక్క మాట చేర్చనివ్వండి. దరఖాస్తులో స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం కావాలి కదా అని, మట్టి పరీక్ష కూడా లేకుండా ఎవరిదో సంతకం తీసుకునే అలవాటు పోవాలి. 2016 నాటి భూకంప పటంలో విశాఖ తక్కువ ప్రమాదమున్న రెండవ జోనులోనే ఉంది గాని, గాలి విషయంలో మన డిజైను వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజును చూసినవారికి ఆ అంకె వివరించనక్కరలేదు. మిద్దె మీద వాటరు ట్యాంకు, పిట్టగోడ, తరువాత వేయదలచిన రేకుల కప్పు ఇవన్నీ ఇప్పుడే డిజైనులో చెప్పండి. భవిష్యత్తులో మూడో అంతస్తు ఆలోచన ఉంటే పునాదికి అది ఈరోజే తెలియాలి. ప్లానులో మాత్రం ఇప్పుడు కట్టేదానికే అనుమతి కోరండి. సాగర్‌నగర్ అమ్మ గారిలా సముద్రపు గాలికి ఎదురుగా కట్టేవారు ఐఎస్ 456 అనే కాంక్రీటు ప్రమాణం ప్రకారం కనీసం ఎం-30 కాంక్రీటు, ఊచలకు 45 మిల్లీమీటర్ల కవరు (పైన కప్పే కాంక్రీటు పొర) అడిగి మరీ వేయించుకోవాలి.

టౌన్ ప్లానింగ్ విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:

రెండవ సందేహానికి జవాబు. గిఫ్టుగా ఇచ్చిన భాగం ఇక రోడ్డే కనుక, ముందు సెట్‌బ్యాకును కొత్త హద్దు నుంచే కొలుస్తారు. మీ స్థలం లోతు 18.29 మీటర్ల నుంచి 17.14 మీటర్లకు, విస్తీర్ణం 167 నుంచి సుమారు 157 చదరపు మీటర్లకు తగ్గుతుంది. అయినా మీరు 100 నుంచి 200 చదరపు మీటర్ల వరుసలోనే ఉంటారు, పక్క ఖాళీల లెక్క మారదు. సడలింపు కోరుతూ రాసే విజ్ఞప్తిని దరఖాస్తుతో పాటే జతచేయండి. మంజూరు తరువాత అడిగితే ప్లాను సవరించవలసి వస్తుంది.

గిఫ్ట్ డీడులో ఇచ్చే భాగానికి పటం జతచేసి, నాలుగు హద్దులూ మీటర్లలో రాయించండి. మిగిలిన స్థలానికి కూడా కొత్త చెక్కుబందీ అందులోనే రాయిస్తే, రేపు బ్యాంకువారు దస్తావేజుకూ ప్లానుకూ విస్తీర్ణంలో తేడా ఎందుకు ఉందని అడిగినప్పుడు చూపించడానికి ఆధారం ఉంటుంది. పాత ప్రహరీని పని మొదలయ్యేలోగా తీసేసి, కొత్తది కొత్త హద్దు మీదనే కట్టండి. గేటు రోడ్డు వైపు కాక లోపలికి తెరుచుకోవాలి. వాస్తు ప్రకారం తూర్పున, ఉత్తరాన ఎక్కువ జాగా వదలాలని అమ్మగారు కోరితే, ఆ కొలత కూడా కొత్త హద్దు నుంచే వేయించి ఇప్పుడే గీయించండి. నిబంధన చెప్పిన కనీసం కంటే ఎక్కువ వదలడానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు, కాని పడమరన, దక్షిణాన కనీసానికి ఒక్క అంగుళం కూడా తగ్గకుండా చూసుకోండి.